పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేస్తే తరువాత ఏం జరుగుతుంది? పిల్లలకు హక్కులు నేర్పడంలో మనం వదిలేస్తున్న సగం

నెల్లూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో న్యాయ విజ్ఞాన సదస్సు ముగిసి, పిల్లలు బెంచీలు సర్దుకుంటూ ఉండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి నా పక్కన నిలబడింది. అంతకు పావుగంట ముందు ఆ అమ్మాయే ఆరు ప్రాథమిక హక్కులను వరుస తప్పకుండా ఒప్పజెప్పి తరగతి చేత చప్పట్లు కొట్టించుకుంది. ఇప్పుడు మాత్రం చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, గొంతు బాగా తగ్గించి, "1098కి ఫోన్ చేస్తే తరువాత ఏం జరుగుద్ది మేడం? మా నాయనను పోలీసులు పట్టుకుపోతారా?" అని అడిగింది. ఇంట్లో వాళ్ల అక్కకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అక్కకు పదహారేళ్లు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున బడులకు వెళ్లి మాట్లాడే న్యాయవాదిగా నేను ఆ రోజు గంటసేపు చెప్పిన దానిలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు. రాజ్యాంగం ఎప్పుడు అమలులోకి వచ్చిందో చెప్పాను, ఏ అధికరణం ఏమంటుందో చెప్పాను, బాల్య వివాహం నేరమని చెప్పాను, ఫోన్ నంబరు బోర్డు మీద రాశాను. ఫోన్ ఎత్తిన మనిషి ఏమి అడుగుతాడో, ఆ తరువాత ఇంటికి ఎవరు వస్తారో, వచ్చిన వాళ్లు తండ్రితో ఏమి మాట్లాడతారో, ఫోన్ చేసింది ఎవరో ఆయనకు తెలుస్తుందో లేదో చెప్పలేదు. ఆ అమ్మాయికి కావలసినది సరిగ్గా అదే. హక్కుల గురించి పిల్లలకు మనం చెప్పే పాఠాల్లో చాలావరకు ఈ రెండో సగం ఉండదని ఆ రోజు నుంచి గమనిస్తూ వచ్చాను. మొదటి సగం కూడా గజిబిజిగానే ఉంటుంది కాబట్టి ముందు ఆ చిక్కు విప్పడం అవసరం.

బడి గోడ మీద రంగులతో రాసిన పోస్టరులో బాలల హక్కులు నాలుగు అని ఉంటుంది: జీవించే హక్కు, రక్షణ పొందే హక్కు, అభివృద్ధి చెందే హక్కు, పాల్గొనే హక్కు. చేతిలోని సాంఘిక శాస్త్రం పుస్తకంలో ప్రాథమిక హక్కులు ఆరు అని ఉంటుంది: సమానత్వం, స్వేచ్ఛ, దోపిడీ నుంచి రక్షణ, మత స్వాతంత్ర్యం, సాంస్కృతిక విద్యా హక్కులు, రాజ్యాంగ పరిహారపు హక్కు. వీటిలో ఏది సరైనదని పిల్లలు అడిగితే చాలామంది పెద్దలు రెండూ సరైనవేనని దాటవేస్తారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన జాబితాలు. పుస్తకంలోని ఆరు మన రాజ్యాంగం మూడో భాగంలోనివి. ప్రభుత్వం వాటిని ఉల్లంఘిస్తే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టుకు నేరుగా వెళ్లవచ్చు. గోడ మీది నాలుగు 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని అంశాలను అర్థమయ్యేలా గుదిగుచ్చిన నాలుగు గుంపులు. భారతదేశం ఆ ఒడంబడికలో 1992 డిసెంబరు 11న చేరింది. అలా చేరినంత మాత్రాన ఒడంబడికను పట్టుకుని మన ఊరి కోర్టులో కేసు వేయలేము. దాన్ని మన దేశంలో చట్టంగా మార్చుకోవాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం అలా వచ్చినవే, తమ పీఠికల్లో ఆ ఒడంబడికను పేర్కొన్నవే.

ఒక కోరిక హక్కుగా ఎలా మారుతుందో పిల్లలకు చెప్పాలంటే చదువు కంటే మంచి ఉదాహరణ లేదు. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని 45వ అధికరణంలో రాసుకున్నాం. అది ఆదేశిక సూత్రం. అంటే ప్రభుత్వానికి దారి చూపే మాటే గాని, అమలు కాకపోతే కోర్టుకు వెళ్లగలిగే హక్కు కాదు. పదేళ్లు కాదు, నలభై ఏళ్లు గడిచిపోయాయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్లు నిండే వరకు చదువుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఏ అధికరణం చేరింది. దానిని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఇంత కథా ఎందుకంటే, తన బడి సీటు వెనుక అరవై ఏళ్ల పోరాటం ఉందని తెలిసిన పిల్ల దానిని ఎవరో దయతో ఇచ్చినదిగా చూడదు.

ఆ చట్టం లోపలికి వెళితేనే అసలు ఉపయోగపడే విషయాలు కనిపిస్తాయి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. నెల్లూరు జిల్లా యానాది గిరిజన కుటుంబాల మధ్య తిరిగిన వారికి ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. రొయ్యల చెరువుల కాపలాకో, బాతుల మేతకో, ఇటుక బట్టీలకో ఊళ్లు మారుతూ బతికే కుటుంబాలలో బిడ్డ ఎక్కడ పుట్టిందో తల్లికి గుర్తుంటుంది గాని దాని మీద ముద్ర వేసిన కాగితం ఉండదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనుకబడిన చదువును అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ అంటుంది. పదేళ్ల పిల్లవాణ్ని ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయనవసరం లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే బిడ్డకు టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు. ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో కనిగిరి, మార్కాపురం వైపు నుంచి పంట కోతల కాలంలో తల్లిదండ్రులతో పాటు వలస వెళ్లే పిల్లలకు, అధికరణాల సంఖ్యలన్నిటి కంటే ఈ నిబంధన తెలిసి ఉండడం ఎక్కువ మేలు చేస్తుంది.

రెండో చిక్కు: ఈ హక్కు ఎవరి మీద? ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వానికి గీసిన గీతలు. ప్రభుత్వం నన్ను కారణం లేకుండా నిర్బంధించరాదు, ప్రభుత్వం నన్ను మతం చూసి వేరు చేయరాదు. అందువల్ల పిల్లలకు ఇది తమ జీవితానికి దూరంగా ఉన్న వ్యవహారంలా తోస్తుంది. వారిని బాధించేది సాధారణంగా ప్రభుత్వం కాదు, పక్కింటి మనిషో, యజమానో, సొంత బంధువో. కాని రాజ్యాంగంలోనే కొన్ని అధికరణాలు నేరుగా మనుషుల మీద పనిచేస్తాయి. 15వ అధికరణం రెండో ఖండం అంగడిలోకి, హోటల్లోకి, బావి దగ్గరకి, చెరువు దగ్గరకి వెళ్లకుండా కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిచాకిరీని, మనుషుల అక్రమ రవాణాను నిషేధించింది. 24వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీలో, గనిలో, ప్రమాదకరమైన పనిలో పెట్టడాన్ని నిషేధించింది.

ఒంగోలు పిల్లలకు 17వ అధికరణం చెబుతూ కారంచేడు పేరు ఎత్తకుండా వచ్చేస్తే అది పాఠం కాదని నా అభిప్రాయం. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని ఆ ఊళ్లో దళితుల మీద జరిగిన దాడి, మంచినీళ్ల చెరువును పాడుచేయవద్దని అన్న మాట దగ్గర మొదలైంది. నాలుగేళ్లకు, 1989లో, షెడ్యూల్డు కులాలు తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నెల్లూరు పిల్లలకైతే, మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులకు ప్రవేశం కావాలని 1946లో పొట్టి శ్రీరాములు చేసిన నిరాహార దీక్ష ఉంది. ఆయన పేరు జిల్లాకు పెట్టుకున్నాం. రాష్ట్రం కోసం ప్రాణం విడిచారని ప్రతి పిల్లకూ తెలుసు. గుడి తలుపు కోసం పస్తున్నారని తెలిసిన పిల్లలు తరగతికి ఇద్దరు ముగ్గురు కూడా ఉండడం లేదు.

పని విషయానికి వస్తే చిక్కు మరింత బిగుస్తుంది, ఎందుకంటే ఇక్కడ చట్టమే రెండు మాటలు చెబుతుంది. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించిన తరువాత, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, ఇరవై వేల నుంచి యాభై వేల రూపాయల వరకు జరిమానా. అయితే బడి అయిపోయిన తరువాత, సెలవుల్లో, ప్రమాదం లేని పనిలో సొంత కుటుంబానికి సాయం చేయడాన్ని చట్టం అనుమతించింది. సెలవు రోజు అమ్మతో కలిసి గేదెకు గడ్డి వేసిన పిల్లవాడు బాల కార్మికుడు కాడు. తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసే పిల్లవాడు ముమ్మాటికీ బాధితుడు. ఆ అడ్వాన్సు కింద చేయించే చాకిరీని 1976 నాటి చట్టం రద్దు చేసింది, ఆ అప్పును కూడా రద్దు చేసింది. చీమకుర్తి గ్రానైటు క్వారీలో పద్దెనిమిది నిండని వారెవరికీ పని ఇవ్వడానికి వీల్లేదు. రాళ్ల క్వారీ పని ప్రమాదకరమైన పనుల జాబితాలో ఉంది. పిల్లలకు ఈ తేడా చెప్పకుండా "పని చేయడం తప్పు" అని ఒక్క ముక్కలో చెప్పి వస్తే, సెలవుల్లో ఇంట్లో సాయపడే బిడ్డ తన తల్లిదండ్రులను దోషులుగా చూడడం మొదలుపెడుతుంది, లేదా చెప్పిన మనకు ఊరి సంగతి తెలియదని తేల్చేసుకుంటుంది. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

వయసుల గందరగోళం కూడా ఇక్కడే తగులుతుంది. విద్యాహక్కు ఆరు నుంచి పద్నాలుగు వరకు. లైంగిక దాడుల నుంచి రక్షణ, బాలల న్యాయ చట్టం కింది రక్షణ పద్దెనిమిది వరకు. పెళ్లికి అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి. ఏడేళ్ల లోపు బిడ్డ చేసిన ఏ పనీ నేరం కాదు. ఈ సంఖ్యలన్నీ బట్టీ పట్టించడం దండగ. పిల్లలు పట్టుకోవలసిన విషయం ఒకటే: పద్నాలుగు నిండగానే ఉచిత నిర్బంధ విద్య అనే గొడుగు పక్కకు తొలగుతుంది, కాని పద్దెనిమిది దాకా నువ్వు చట్టం దృష్టిలో బిడ్డవే. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, "ఇంక పెద్దవాణ్ని" అనుకునే అబ్బాయికీ, "ఇంక పెళ్లీడు" అనిపించుకునే అమ్మాయికీ మధ్యలో మిగిలిపోయిన ఆ నాలుగేళ్లే అన్నిటి కంటే ప్రమాదకరమైనవి.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. 1098కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు కాదు, ఏ వేళనైనా ఎత్తుతారు. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవను 2023 నుంచి మహిళా శిశు సంక్షేమ శాఖల ఆధ్వర్యంలో, అత్యవసర నంబరు 112తో అనుసంధానించి నడుపుతున్నారు. బిడ్డ ఎక్కడ ఉంది, ఏమి జరుగుతోంది, ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందా అని అడుగుతారు. పిల్లలే చేయాలని లేదు; స్నేహితురాలు చేయవచ్చు, టీచరు చేయవచ్చు, అంగన్‌వాడీ కార్యకర్త చేయవచ్చు. ఫోన్ చేసింది ఎవరో ఇంటివాళ్లకు చెప్పవద్దని ఫోన్‌లోనే అడగాలి. అలా అడగవచ్చని కూడా పిల్లలకు తెలియదు.

బాల్య వివాహం సంగతిలో ఆ తరువాత జరిగేది సాధారణంగా ఇది: అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ విభాగం సిబ్బంది, అవసరమైతే పోలీసులు ఇంటికి వస్తారు, తల్లిదండ్రులతో మాట్లాడతారు, పద్దెనిమిది నిండే వరకు పెళ్లి చేయబోమని హామీ పత్రం రాయించుకుంటారు. వినకపోతే మేజిస్ట్రేటు పెళ్లిని ఆపుతూ ఉత్తర్వు ఇవ్వగలరు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి చెల్లనే చెల్లదు. జైలు మాట వచ్చేది ముఖ్యంగా పెళ్లి జరిగిపోయాక. 2006 నాటి చట్టం ప్రకారం ఆ పెళ్లి చేసినవారికీ, చేయించిన పెద్దలకూ రెండేళ్ల వరకు కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ అమ్మాయికి నేను మెల్లగా చెప్పింది ఇదే: "నువ్వు ముందుగా చెబితే మీ నాయన మీద కేసు రాకుండా కాపాడినదానివి అవుతావు. జరిగిపోయాక ఎవరైనా చెబితే కాపాడడం నా చేతిలో కూడా ఉండదు." ఆమె ముఖంలో భయం పోలేదు గాని ఆలోచన మొదలైంది. వాళ్ల క్లాసు టీచరు, నేను కలిసి ఫోన్ చేశాం. వారం లోపు ఇంటికి వెళ్లి మాట్లాడారు. అక్క ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. అప్పటికే పెళ్లయిపోయిన అమ్మాయిలకు చెప్పవలసిన మాట వేరే ఉంది: మేజరైన రెండేళ్ల లోపు ఆ పెళ్లిని రద్దు చేయమని జిల్లా కోర్టును కోరవచ్చు.

పోక్సో విషయంలో మనం పిల్లలకు ఇంకా తక్కువ చెబుతున్నాం. మంచి స్పర్శ, చెడు స్పర్శ దాకా వెళ్లి ఆగిపోతాం. బిడ్డ ఆ మాట విని, ధైర్యం తెచ్చుకుని చెప్పిన క్షణం నుంచి ఏమి జరుగుతుందో చెప్పకపోతే, ఆమెను నది మధ్యదాకా తీసుకువెళ్లి వదిలినట్లే. 2012 నాటి ఈ చట్టం ఇక్కడ ఎంతో జాగ్రత్తగా ఆలోచించింది. బిడ్డ వాంగ్మూలాన్ని ఆమె ఇంటి దగ్గరో, ఆమె ఇష్టపడిన చోటో నమోదు చేయాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. అమ్మ గాని, బిడ్డ నమ్మిన మరొకరు గాని పక్కన ఉండాలి. రాత్రివేళ పోలీస్ స్టేషనులో ఉంచకూడదు. ఇరవై నాలుగు గంటల్లో పోలీసులు సీడబ్ల్యూసీ అని పిలిచే బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. కోర్టులో నిందితుడి ముఖం చూడవలసిన పరిస్థితి రాకుండా చూడాలి. విచారణ బయటివారు లేని గదిలో జరగాలి. పేరు, ఫొటో, ఇల్లు, బడి ఏవీ పత్రికలో రాకూడదు. "పేపర్లో వేస్తారు" అనే ఒక్క భయంతో నోరు విప్పని ఇళ్లు నాకు తెలుసు. చట్టం వేయవద్దని చెబుతుందని ఆ ఇళ్లకు తెలియదు.

టీచర్లకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్ల ఏదో చెప్పబోతూ "ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి" అంటే ఒట్టు వేయకూడదు. నేరం జరిగిందని తెలిసిన పెద్దవారు పోలీసులకు తెలియజేయడం చట్టం విధించిన బాధ్యత. దాచితే ఆరు నెలల వరకు శిక్ష ఉంది. ఒట్టు వేసి తరువాత చెబితే ఆ బిడ్డ మళ్లీ ఏ పెద్దనూ నమ్మదు. "నీకు సాయపడగలిగిన వాళ్లకు మాత్రం చెబుతాను, ఎవరికి చెప్పేదీ ముందు నీకు చెబుతాను" అనాలి. చెప్పలేకపోయినందుకు పిల్లలకు మాత్రం ఏ శిక్షా లేదు. ఏళ్ల తరబడి మౌనంగా ఉండి, ఆ మౌనం కూడా తన తప్పేననుకునే పిల్లలకు ఈ మాట చెవిన పడాలి.

లాయరు ఫీజు భయం ఇంకొకటి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి బిడ్డకూ, ప్రతి మహిళకూ, ఎస్సీ ఎస్టీలకూ న్యాయ సహాయం ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు. నెల్లూరు కోర్టు గేటు లోపల ఆ గది ఎక్కడుందో ఒకసారి పిల్లలను తీసుకువెళ్లి చూపించాం. గోడ మీది బోర్డు చదివి, కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి వచ్చారు. అంతకుమించి ఏమీ చేయలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పిల్లవాడు, "లోపలికి పోతే అరుస్తారనుకున్నా" అన్నాడు. గంట ఉపన్యాసం చేయని పని ఆ పదినిమిషాలు చేశాయి.

ఇవన్నీ చట్టం రాసిన తీరు. అన్నీ ఇలాగే జరుగుతాయని పిల్లలకు మాట ఇవ్వలేము, ఇవ్వకూడదు. విచారణ ఏడాదిలో ముగియాలని పోక్సో చట్టం కోరుతుంది. ముగియని కేసులు నా చేతిలోనే ఉన్నాయి. ఆలస్యం కావచ్చని ముందే తెలిసిన బిడ్డ ఆలస్యమైనప్పుడు నిలబడుతుంది. తెలియని బిడ్డ తనను మోసం చేశారనుకుంటుంది.

హక్కులు చెబితే పిల్లలు మాట వినరని, ముందు బాధ్యతలు నేర్పాలని తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు అంటారు. వారి ఆందోళనను నేను తేలికగా తీసుకోను. అయితే రాజ్యాంగంలో ప్రాథమిక విధులు 1976లో 42వ సవరణతో చేరాయి. అవి నెరవేరిస్తేనే హక్కులు ఇస్తామన్న షరతు ఎక్కడా లేదు. 2002లో చేరిన పదకొండో విధి అయితే తల్లిదండ్రులదే: ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం. ఇంటిపని చేయలేదని బిడ్డను కొట్టకుండా ఉండవలసిన బాధ్యత పెద్దలది, అది బిడ్డ సంపాదించుకోవలసిన బహుమానం కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. నా చిన్నప్పుడు లెక్క తప్పు చేసినందుకు చింతబరికెతో వేళ్ల గణుపుల మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ చలికాలంలో గుర్తొస్తుంది, లెక్క ఏమిటో మాత్రం గుర్తు లేదు. టేబులు మీద బెత్తం పెట్టుకుని హక్కుల పాఠం చెప్పే తరగతిని నేను కళ్లారా చూశాను. పిల్లలు బెత్తాన్నే చదువుతారు.

మన జిల్లాకు ఈ విషయంలో సొంత అనుభవం ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో, దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన సంగతి వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఇతర ఊళ్ల ఆడవాళ్లు తమ ఊరి సారాను తరిమారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మనలాంటి వాళ్లు, మనలాంటి ఊళ్లో, ఏమి చేశారో, చేశాక ఏమైందో ఆ పాఠం చెప్పింది. అందుకే అది పాకింది. పిల్లల హక్కుల పాఠం కూడా ఆ తీరుగా, తమ వీధి నుంచి మొదలవ్వాలని నేను కోరుకుంటున్నాను. అయిదేళ్ల బిడ్డకు తన ఒళ్లు తనదేనని తెలిస్తే చాలు. పదేళ్ల బిడ్డకు వద్దని చెప్పడం, ఎవరితో చెప్పాలో తెలిస్తే చాలు. పదమూడు దాటాక చట్టం పేరు, తట్టవలసిన తలుపు, తరువాతి అడుగు మూడూ కావాలి.

అదే ఉన్నత పాఠశాలలో తరువాతి సారి నేను ఉపన్యాసం చెప్పలేదు. మీ బడిలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఒకటి చెప్పండి అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అమ్మాయిల వరుసలోంచి, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని, ఒకరు వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడవలసి వస్తోందని, అందుకే కొందరు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం లేదని వచ్చింది. ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలన్నది విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. 32వ సెక్షన్ కింద స్థానిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. అర్జీ ఎలా మొదలుపెట్టాలో బోర్డు మీద రాశాను. మిగతాది వాళ్లే రాశారు. "గడియ" అన్న మాట కింద రెండుసార్లు గీత గీశారు. ప్రధానోపాధ్యాయురాలు చదివి, కోపగించుకోకుండా, తాను కూడా కింద సంతకం పెట్టి పేరెంట్స్ కమిటీకి ఒక ప్రతి ఇచ్చారు. మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని రమ్మన్నాను.

ముద్ర పడిన కాగితం తిరిగి తరగతికి వచ్చిన రోజు, అక్క పెళ్లి గురించి అడిగిన ఆ అమ్మాయే దానిని తీసుకుని, గోడకు వేలాడుతున్న క్యాలెండరులో మూడు పేజీలు తిప్పి, ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. అయిదో వారంలో ఒక తలుపుకు గడియ వచ్చింది. రెండో తలుపుకు ఇంకా రాలేదు. సున్నా చుట్టిన తేదీ దాటితే ఎవరికి రాయాలని ఆ అమ్మాయి మొన్న మళ్లీ ఫోన్ చేసి అడిగింది. బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు ఎలా రాయాలో ఈ శనివారం వెళ్లి కూర్చుని రాయిస్తానని చెప్పాను.